నారింజ తొక్క, ద్రాక్ష సారము

నారింజ తొక్క ముక్కను వెలుగుచున్న కొవ్వొత్తి దగ్గర పట్టి వ్రేళ్లతో మడిచి నొక్కినచో చిటచిటమని నిప్పురవ్వలు ఎగయును. ఈ ఆట ఆడని పిల్లలు అరుదు. అదే తొక్కను గాలి నింపిన రబ్బరు బుడగ మీద పిండినచో బుడగ ఠప్పున పగులును. తొక్క పైపొరలో కంటికి చుక్కలవలె కనిపించు చిన్న చిన్న తిత్తులు కలవు. వానిలోని నూనె చిమ్మి మంటలో పడుటచే రవ్వలు లేచును. అదే నూనె రబ్బరును కరగించుటచే బుడగ పగులును. ఈ నూనెలో నూటికి తొంబది పాళ్లకు పైగా ఉండునది లిమొనీను అను పదార్థము. దీని అణువులో పది కర్బన పరమాణువులు, పదహారు ఉదజని పరమాణువులు కలవు. అది 176° సెంటీగ్రేడు వద్ద గాని మరుగదు. అయినను తొక్క ఒలిచిన మరుక్షణమే దాని వాసన గదియంతయు నిండును. మరుగనవసరము లేకయే ద్రవములు ఆవిరి కాగలవనుటకు ఇంతకన్న సులభమైన నిదర్శనము వేరొకటి అక్కరలేదు.

ఈ నూనెను పట్టి సీసాలో బంధించుట యెట్లు? బంధించిన తరువాత అందలి పరిమళమును చెడకుండ నిలుపుట యెట్లు? ఫ్రాన్సు దేశములో ఈ ప్రశ్నకు దొరికిన సమాధానములలో ఒకటి గ్రాన్ మార్నియే అను తియ్యని మద్యము. ద్రాక్ష సారాయమును నారింజ తొక్క సారముతో కలిపి, చక్కెర చేర్చి దీనిని తయారుచేయుదురు. ఇట్లు సువాసన, తీపి చేర్చిన మద్యములకు అచట లికరు అని పేరు. ఇందు రసాయనశాస్త్రము, భౌతికశాస్త్రము, వృక్షశాస్త్రము మూడును చేయి కలిపినవి. త్రాగు వారికన్న తయారీని గమనించు వారికే ఇందు ఎక్కువ లాభము కలదు.

పారిసు నగరమునకు పడమట నోఫ్ల్-ల-షాటో అను చిన్న ఊరిలో 1827లో జాన్ బతీస్త్ లపోస్తోల్ అనునతడు పండ్ల మద్యములు చేయు బట్టీ నెలకొల్పెను. అతని మనుమరాలిని వివాహమాడిన లూయీ అలెగ్జాండర్ మార్నియే 1880లో ఈ నారింజ లికరును రూపొందించెను. దానికి మొదటి పేరు కురసావ్ మార్నియే. "గ్రాన్" అనగా ఫ్రెంచి భాషలో "గొప్ప" అని అర్థము. ఆ మాటను సూచించినవాడు హోటళ్ల యజమానిగా పేరుపొందిన సెజార్ రిట్జ్ అని కథ ప్రచారములో నున్నది. వ్యాపార సంస్థలు తమను గూర్చి చెప్పుకొను కథలను కొంత తగ్గించి వినుట మంచిది. ఆ కుటుంబము చేతిలో చిరకాలము నడచిన సంస్థను 2016లో ఇటలీకి చెందిన కంపారి సంస్థ కొనెను.

ఇందులో వాడు నారింజ మనము ఒలుచుకొని తిను తీపిపండు కాదు, చేదునారింజ. పంపరపనస జాతికిని కమలా జాతికిని సంకరము వలన ఈ చెట్టు పుట్టినదని జన్యుపరిశోధనలు తేల్చినవి. రసము పులుపు, తొక్క లోపలి తెల్లని పొర కటిక చేదు. కాని పైపొరలోని నూనె పరిమళము తీపినారింజ నూనెకన్న ఘాటుగాను గంభీరముగాను ఉండును. అరబ్బులు ఈ చెట్టును మధ్యధరా తీరమునకు కొనిపోయిరి. తీపినారింజ ఐరోపాలో వ్యాపించినది ఆ తరువాత కొన్ని శతాబ్దములకు, అనగా పదిహేను, పదహారవ శతాబ్దములలో మాత్రమే. కావున ఐరోపావారు మొదట "నారింజ" అని పిలిచినది చేదుపండునే.

పేరు చేసిన ప్రయాణము కూడ చెప్పదగినది. సంస్కృతమున నారంగము, పారసీకమున నారంగ్, అరబ్బీలో నారంజ్, స్పానిషులో నరాంహ. ఫ్రెంచివారి నోట మొదటి నకారము ముందున్న చిన్న మాటలో కలిసిపోయి ఒరాంజ్ మిగిలెను. సంస్కృత పదమునకు మూలము ద్రావిడ భాషలలో నున్నదని పలువురు భాషావేత్తల అభిప్రాయము. కనుక తెలుగువారి నారింజయు, ఫ్రెంచివారి సీసా మీది ఒరాంజ్ అను మాటయు దూరపు చుట్టములే.

చేదునారింజకు లికరులతో పొత్తు కుదిరినది కరిబియను సముద్రమున. దక్షిణ అమెరికా ఉత్తర తీరమునకు సమీపమున కురసావో అను ద్వీపము కలదు. అచట స్పెయినువారు నారింజ మొక్కలు నాటిరి. వాన తక్కువ, నేల పొడి. కాసిన పండ్లు తినుటకు పనికిరాకపోయెను. వానిని లరాహా అందురు. 1634లో ఆ ద్వీపము డచ్చివారి వశమైనది. ఎండిన లరాహా తొక్కలో మంచి వాసన యున్నదని గ్రహించి దానిని సారాయిలో నానవేసిరి. అప్పటినుండి నారింజ లికరులకు కురసావో అను పేరు స్థిరపడినది. తినుటకు పనికిరాని పండే వాసనకు మేలైనదగుట చిత్రము. రైతు పారవేయదలచిన దానిలో బట్టీవాడు ధనము చూచెను.

గ్రాన్ మార్నియేకు కావలసిన తొక్క కూడ కరిబియను ప్రాంతపు చేదునారింజలదే. హైటీ దేశమునుండి ఇది చాలకాలముగా వచ్చుచున్నది. పండ్లను పూర్తిగా పండక మునుపే, పచ్చిగా నున్నపుడు కోయుదురు. తొక్క ఒలిచి ఎండబెట్టుదురు. నీరు ఇగిరిపోవును, నూనె మాత్రము తిత్తులలో చాలవరకు నిలుచును. ఎండిన తొక్క బరువు తగ్గుటచే ఓడలో పంపుట సులభము, బూజు పట్టదు. ఫ్రాన్సు చేరిన తరువాత దానిని మరల మెత్తబరచి లోపలి తెల్లని పొరను తీసివేసి, పైపొరను వాసనలేని శుద్ధ మద్యసారములో నానవేయుదురు. పిమ్మట ఆ ద్రవమును బట్టీపట్టుదురు.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టును. నానవేసిన ద్రవమును వడగట్టి వాడిన చాలదా? మరల మరిగించి ఆవిరిచేయుట యెందులకు? సమాధానము చేదులో నున్నది. చేదునారింజలో నారింజిను, నియోహెస్పెరిడిను అను పదార్థములు కలవు. వాని అణువులు పెద్దవి, చక్కెర అణువులతో జతపడినవి. అవి ఆవిరి కావు. మద్యసారము పరిమళమును, చేదును రెండింటిని లాగుకొనును. బట్టీలో మరిగించునపుడు పరిమళ తైలము మద్యసారపు ఆవిరి తోడుగా పైకెగయును; చేదు అడుగుననే నిలిచిపోవును. పైకెక్కిన ఆవిరిని చల్లార్చగా వచ్చునది రంగులేని స్వచ్ఛమైన ద్రవము. వాసన చూచిన నారింజ, రుచి చూచిన చేదు లేదు. బాష్పశీలతలోని భేదమును ఆధారముగా చేసికొని మంచిని చెడునుండి విడదీయుట స్వేదనము యొక్క ప్రయోజనము.

పాఠశాలలో దీనిని మద్యసారము లేకయే, నీటితోనే చూపవచ్చును. గుండ్రని గాజు ఫ్లాస్కులో సన్నగా తరిగిన నారింజ పైతొక్క, సగము వరకు నీరు పోసి, లీబిగ్ కండెన్సరు అమర్చి మెల్లగా మరిగింపవలెను. కండెన్సరునుండి జారు నీటిపై సన్నని నూనె పొర తేలును. 176° వద్ద మరుగవలసిన లిమొనీను 100°కు కొంచెము తక్కువలోనే ఎట్లు వచ్చినది? ఒకదానిలో ఒకటి కలియని రెండు ద్రవములు ఒకే పాత్రలో నున్నపుడు దేని బాష్పపీడనము దానిదే. ఆ రెండు పీడనముల మొత్తము వాతావరణ పీడనమునకు సమమైనంతనే మిశ్రమము మరుగును. నీరు ఒంటరిగా మోయవలసిన బరువులో కొంత నూనె మోసినందున నూరు డిగ్రీలవరకు పోనక్కరలేదు. ఈ నూనెకు నిప్పు త్వరగా అంటుకొనును గనుక బర్నరును దూరముగా ఉంచి, ఉపాధ్యాయుడు దగ్గరనుండి చేయింపవలెను. మద్యసారమును బట్టీపట్టుట మాత్రము అనుమతి లేనిదే చట్టవిరుద్ధము. అది పాఠశాల ప్రయోగము కాదు.

ఇక రెండవ భాగము, కొన్యాకు. ఇది ఒక ఊరి పేరు; ఫ్రాన్సు నైఋతి దిక్కున షరాంతు నది ఒడ్డున నున్నది. ఆ చుట్టుపట్ల నిర్ణీత ప్రాంతములో పండిన ద్రాక్షనుండి, నిర్ణీత పద్ధతిలో చేసిన సారాయమునకు మాత్రమే కొన్యాకు అను పేరు చెల్లును. ప్రాంతపు సరిహద్దులను 1909లో ప్రభుత్వము నిర్ణయించెను. 1936లో ఆ పేరుకు చట్టరక్షణ మరింత గట్టిపడెను. వేరొక దేశములో అదే ద్రాక్షను అదే తీరున బట్టీపట్టినను దానిని బ్రాందీ అనవలెనే గాని కొన్యాకు అనరాదు.

ఉన్యీ బ్లాన్ అను తెల్లద్రాక్ష ఇక్కడ ప్రధానము. దాని రసము పులిసి చేసిన ద్రాక్షాసవము త్రాగుటకు ఏమంత బాగుండదు. పులుపు ఎక్కువ, మద్యసారము నూటికి తొమ్మిది పాళ్లు మాత్రమే. బట్టీకి కావలసినది సరిగా ఇటువంటిదే. పులుపు ఎక్కువైనచో చెడు సూక్ష్మజీవులు పెరుగవు. మద్యసారము తక్కువైనచో ఒక పీపా సారాయమునకు ఎక్కువ ద్రాక్షాసవము కాచవలెను. అనగా ద్రాక్షలోని సువాసనలు ఎక్కువగా చేరును. మామూలు ద్రాక్షాసవములు చెడకుండ గంధకపు వాయువు కలుపుదురు. ఇక్కడ కలుపరు, కలిపినచో బట్టీలో ఆ గంధకము కూడ గాఢమై దుర్వాసన తెచ్చును. కాపుదల లేని ఆసవము ఎండలు ముదిరిన చెడిపోవును. అందుచే ద్రాక్ష కోసిన తరువాత వచ్చు మార్చి 31వ తేదీలోగా బట్టీపని ముగియవలెనని నియమము. చలికాలమంతయు బట్టీలు రాత్రింబవళ్లు మండును.

బట్టీ రాగిది. రాగి వేడిని చక్కగా ప్రసరింపజేయును. అంతకన్న ముఖ్యముగా ఆసవములో సహజముగా పుట్టు గంధకపు సమ్మేళనములను తనతో కలుపుకొని తొలగించును. గాజు పాత్రలో బట్టీపట్టినచో ఈ మేలు ఉండదు. లోహము పాత్ర మాత్రమే కాదు, పనివాడు కూడ. కాచుట రెండుసార్లు. మొదటిసారి వచ్చునది కొంచెము మబ్బుగా నుండు ద్రవము. అందు మద్యసారము 28 నుండి 32 పాళ్లు. దానిని మరల కాచినపుడు మొదట వచ్చు "తల" భాగమును వేరుచేయుదురు. చివర వచ్చు "తోక" భాగమును వేరుచేయుదురు. నడుమ వచ్చు "గుండె" భాగమే కొన్యాకు అగును. అందు మద్యసారము నిర్ణీత పరిమితికి మించరాదు. ఎక్కడ గుండె మొదలై ఎక్కడ ముగియునో నిర్ణయించుటలో యంత్రములు తోడుపడినను, ముక్కుకు ఇప్పటికిని గౌరవము తగ్గలేదు. ఒక లీటరు కొన్యాకునకు సుమారు తొమ్మిది లీటర్ల ద్రాక్షాసవము కావలెను.

ఈ లెక్క వెనుక నున్న సూత్రము సులభమే. నీరు 100° వద్ద, మద్యసారము 78.3° వద్ద మరుగును. అంతమాత్రముచే మిశ్రమమును 78° వద్ద నిలిపినచో మద్యసారమంతయు వచ్చి నీరు మిగులునని తలచుట తప్పు. విద్యార్థులు తరచుగా ఇట్లే వ్రాయుదురు. మిశ్రమము రెండింటి నడుమ ఏదో ఒక ఉష్ణోగ్రత వద్ద మరుగును. ఆవిరిలో రెండును ఉండును. కాని ద్రవములో కన్న ఆవిరిలో మద్యసారపు పాలు హెచ్చు. ప్రతి స్వేదనమును ఒక మెట్టు పైకెక్కుట వంటిది. ఆదిలాబాదు అడవులలో ఇప్పపూలను పులియబెట్టి కుండల మీద బట్టీపట్టు పద్ధతికిని సూత్రము ఇదియే. సామగ్రిలో, ఓపికలో భేదము. ఎన్ని మెట్లెక్కినను బరువు లెక్కన 95.6 పాళ్ల వద్ద మెట్లు ఆగిపోవును. అచట ఆవిరి, ద్రవము ఒకే పాళ్లలో నుండును. కొన్యాకు చేయువారు అంతదూరము పోరు. పోయినచో ద్రాక్ష వాసన అంతయు పోయి ఉత్త మద్యసారము మిగులును.

బట్టీనుండి దిగినపుడు కొన్యాకు నీరువలె రంగులేనిది. దానికి బంగారు రంగు, మెత్తదనము ఇచ్చునది ఓకు కొయ్య పీపా. కనీసము రెండేండ్లు పీపాలో నుండవలెనని చట్టము. పీపా చేయునపుడు కొయ్యను నిప్పు సెగ చూపి వంచుదురు. ఆ వేడికి కొయ్యలోని లిగ్నిను కొంత విడిపోయి వనిలిను పుట్టును. వనిల్లా కాయలోని వాసనద్రవ్యమిదే. టానినులు రంగును, కొంచెము వగరును ఇచ్చును. కొయ్య రంధ్రముల గుండ గాలి మెల్లమెల్లగా లోనికి చొరబడి ఘాటును తగ్గించును.

గాలి లోనికి వచ్చిన దారినే మద్యసారము బయటికి పోవును. ఏటేట సుమారు నూటికి రెండు పాళ్లు ఆవిరియైపోవును. దీనికి అచటివారు "దేవదూతల వాటా" అని పేరు పెట్టిరి. రెండు పాళ్లే కదా యనుకొనరాదు. చక్రవడ్డీ లెక్క తెలిసిన విద్యార్థి దీనిని తిరుగవేసి చూచినచో, ఇరువది ఏండ్లలో పీపాలో మూడవ వంతు మాయమగునని తేలును. నేలమాళిగ తేమగా నున్నచో మద్యసారము ఎక్కువ పోవును; పొడిగా నున్నచో నీరు ఎక్కువ పోవును. ఏ పీపాను ఏ మూల నుంచవలెనో యెన్నుకొనుట అందుచేతనే ఒక విద్య అయినది. పోయిన ఆవిరి అంతయు దేవదూతలకే చేరదు. కొన్యాకు ఊరి గోడల మీద, ఇండ్ల కప్పుల మీద మసిపట్టినట్లు నల్లని పొర కనిపించును. అది మసి కాదు, మద్యసారపు ఆవిరితో బ్రతుకు బూజు. 1872లో బోదువాన్ అను ఔషధశాస్త్రజ్ఞుడు దీనిని గమనించి వర్ణించెను. అతని పేరు మీదనే దానికి బోదువానియా అని నామకరణము జరిగినది. ఎక్కడ సారాయపు నిల్వలున్నవో గోడలే చెప్పునన్నమాట.

ఇప్పుడు రెండు ధారలు కలియును. ఎఱ్ఱ పట్టీ గుర్తుగల గ్రాన్ మార్నియేలో 51 పాళ్లు కొన్యాకు, 49 పాళ్లు చక్కెర చేర్చిన నారింజ లికరు. మొత్తము మీద మద్యసారము నూటికి 40 పాళ్లు. కొంతకాలము నిలువయుంచి, వడగట్టి సీసాలకెత్తుదురు. ఇక్కడ పాళ్ల తూకము సున్నితము. చక్కెర నీటిలో కరగును గాని మద్యసారములో సరిగా కరగదు. నారింజ నూనె మద్యసారములో కరగును గాని నీటిలో కరగదు. రెండును ఒకే సీసాలో స్వచ్ఛముగా నుండవలెనన్న నీరు, మద్యసారము రెండును తగు పాళ్లలో ఉండవలెను. నూనె ఎక్కువగా కలిగిన మద్యములలో నీరు పోసినపుడు పాలవలె తెల్లబడుట ఇందుకే. నూనె సూక్ష్మబిందువులై విడివడి వెలుతురును చెదరగొట్టును. ఇదే జాతికి చెందిన కొంత్రో అను మరొక ఫ్రెంచి లికరులో కొన్యాకు ఉండదు, వాసనలేని మద్యసారమే ఆధారము. అందుచే అది రంగులేనిది, నారింజ వాసన మాత్రమే దానిది. గ్రాన్ మార్నియేలో ఓకు వాసన, ద్రాక్ష వాసన నారింజకు పక్కవాద్యముగా వినిపించును. ఏది మేలన్నది రుచి తగవు. శాస్త్రము అందులో తీర్పు చెప్పదు.

ఫ్రాన్సులో దీనిని భోజనానంతరము, అడుగు వెడల్పుగాను మూతి ఇరుకుగాను ఉండు చిన్న గ్లాసులో కొంచెముగా పోసి పుచ్చుకొందురు. ఇరుకైన మూతి పరిమళమును చెదరనీయదు. చేతి వెచ్చదనము దానిని పైకెత్తును. మంచుముక్క వేసినచో వాసన అణగును, తీపియు తక్కువగా తోచును. నాలుక చల్లబడినపుడు తీపి మందగించుట ఐస్క్రీము కరిగిన తరువాత రుచి చూచినవారికి తెలిసినదే. వంటలోను దీని వాడుక కలదు. క్రెప్ సుజెత్ అను పలుచని అట్లను వెన్న, చక్కెర, నారింజ రసములతో వేడిచేసి పైన నారింజ లికరు పోసి నిప్పంటింతురు. నీలిమంట లేచి చూచువారిని అలరించును. మండునది ద్రవము కాదు, వేడికి పైకి లేచిన ఆవిరి. మంటతో మద్యసారమంతయు పోవునని వంటవారు చెప్పుదురు గాని అది నిజము కాదు. అమెరికాలో జరిగిన పరిశోధనలో ఇట్లు మండించిన వంటకములో సుమారు నాలుగింట మూడు వంతుల మద్యసారము మిగిలియే యుండెను. ఆవిరి పలుచబడగానే మంట ఆరిపోవుటయే కారణము. పిల్లలకు వడ్డించువారు దీనిని మరువరాదు.

శరీరములో దీని గతి యేమి? 50 మిల్లీలీటర్ల గ్రాన్ మార్నియేలో 20 మిల్లీలీటర్ల మద్యసారము, అనగా సుమారు 16 గ్రాములు ఉండును. కాలేయము గంటకు ఏడెనిమిది గ్రాములను మాత్రమే దహింపగలదు. కావున ఆ చిన్న గ్లాసు రక్తమునుండి పూర్తిగా తొలగుటకు రెండు గంటలు పట్టును. కాఫీ త్రాగినను చన్నీళ్లు పోసికొన్నను ఆ వేగము పెరుగదు. దహనములో మొదటి మెట్టున ఎసిటాల్డిహైడు పుట్టును. అది జీవకణముల లోని జన్యుద్రవ్యమును గాయపరచును. మద్యపానీయములు కాన్సరు కలిగించునవని అంతర్జాతీయ కాన్సరు పరిశోధనా సంస్థ 1988లోనే వర్గీకరించినది. మద్యపానములో హాని లేని మోతాదు ఏదియు లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. ఓకు పీపాలో ఇరువదేండ్లు నిలిచిన కొన్యాకునకును, నిన్న దిగిన సారాయికిని ఈ విషయములో మినహాయింపు లేదు. కాలేయమునకు వాసన తెలియదు.

ఇక చెట్టు సంగతి. చేదునారింజ ఒకప్పుడు ప్రపంచమంతట తీపినారింజకు అంటుమొదలుగా పనికివచ్చినది. దాని వేరు తేమనేలలోని కుళ్లును తట్టుకొనును. కాని 1930వ దశాబ్దము నుండి దక్షిణ అమెరికాలో ట్రిస్టెజా అను వైరసు తెగులు చెలరేగి, చేదునారింజ మొదలుపై కట్టిన తీపినారింజ తోటలు లక్షలాదిగా ఎండిపోయెను. మొదలు వేరుగా బాగుండును, కొమ్మ వేరుగా బాగుండును. రెండింటి అతుకు వద్ద పోషకనాళములు చచ్చుటచే చెట్టు కూలును. ఇప్పుడు అంతకన్న పెద్ద శత్రువు గ్రీనింగు తెగులు. చిన్న పురుగు ఒకటి చెట్టు రసము పీల్చుచు బాక్టీరియాను ఒక చెట్టునుండి మరొక చెట్టునకు మోసికొనిపోవును. ఆకులు మచ్చలుపడి పసుపెక్కును, కాయ వంకరగా పెరిగి అడుగున పచ్చగానే నిలిచిపోవును. 2005లో ఫ్లోరిడాలో కనబడిన ఈ తెగులు కరిబియను ద్వీపములలో పలుచోట్ల వ్యాపించినది. మన బత్తాయి రైతులకు ఇది క్రొత్త పేరు కాదు. సోకిన చెట్టును బాగుచేయు మందు ఇంతవరకు లేదు. తెగులు లేని నర్సరీ మొక్కలు నాటుట, పురుగును అదుపులో నుంచుట, సోకిన చెట్టును వెంటనే తీసివేయుట మాత్రమే చేయగలిగినవి. తెగులును తట్టుకొను రకములకై పలు దేశముల పరిశోధనాలయములలో వెదకుచున్నారు. చేదునారింజకు మూలమైన పంపరపనస, కమలా జాతులతోపాటు, ఆస్ట్రేలియా అడవి నిమ్మలను కూడ ఈ పనికై పరీక్షించుచున్నారు.